ముప్పై బై నలభై

జపాన్‌లో మూడేళ్ళు నిండిన పిల్లల్ని కిండర్‌గార్టెన్‌లో చేర్చుకునేటప్పుడు తల్లి చేతిలో ఒక కాగితం పెడతారు. ఏప్రిల్లో బడి తెరిచేలోపు సమకూర్చుకోవాల్సిన సామాను జాబితా అది. బడి లోపల తొడుక్కునే జోళ్ళకి ఒక సంచి, ఆటల దుస్తులకి ఒకటి, నీళ్ళ కప్పుకి నాడా లాగే బుల్లి సంచి, అన్నం డబ్బాకి ఇంకొకటి. వాటితోపాటు, చాలా బడులు కొలతలు రాసి మరీ అడిగేది, బొమ్మల పుస్తకం ఇంటికి తీసుకెళ్ళే సంచి. ఎహోన్ బ్యాగు అంటారు. ఎత్తు 30 సెంటీమీటర్లు, వెడల్పు 40. బడిని బట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుందంతే. వారాంతానికి పిల్ల తనకి నచ్చిన పుస్తకాన్ని బడి అలమరలోంచి తీసుకుని ఈ సంచిలో వేసుకొస్తుంది, ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించుకుంటుంది, సోమవారం తిరిగిచ్చేస్తుంది.

ఆ కొలత ఎవరో తోచినట్టు రాసింది కాదు. అక్కడి బడుల్లో పిల్లలు బొమ్మలు గీసే పెద్ద కాగితం బి4. అంటే 25.7 బై 36.4 సెంటీమీటర్లు. అది చుట్టకుండా, మడవకుండా సంచిలో పట్టాలంటే వెడల్పు 40 కావాలి. అప్పుడు రెండు పక్కలా వేలు దూరేంత సందు మిగులుతుంది. ఇక ఎ4 కొలత పుస్తకాలు నిలువుగా అయినా అడ్డంగా అయినా పట్టేస్తాయి. బొమ్మల పుస్తకాలకి ఒక కొలతంటూ ఉండదు కదా. ఫుకుఇన్‌కాన్ ప్రచురణ సంస్థ 1956 నుంచి 'కొదొమొ నో తొమొ' పేరుతో నెలకో బొమ్మల కథ వేస్తోంది. అందులో 1963 డిసెంబరు సంచికగా వచ్చిన 'గురి తో గుర', పొలం ఎలుకలు రెండూ కలిసి పెద్ద గుడ్డుతో కేకు చేసుకునే కథ, అడ్డంగా పొడవైన పుస్తకం. దాని పక్కనే నిలువుగా పొడవైనది ఉంటుంది, చదరంగా ఉన్నదీ ఉంటుంది. వీటన్నిటికీ ఒకే సంచి. అందుకని కొలత పుస్తకాన్నుంచి మొదలవుతుంది. కానీ పుస్తకం దగ్గర ఆగిపోతే సంచి తప్పుతుంది. మోసేది మూడేళ్ళ పిల్ల. పుస్తకం పెద్దదిగా ఉండమంటుంది, పిల్ల చిన్నదిగా ఉండమంటుంది. మంచి సంచిలోని పనితనమంతా ఈ రెంటికీ రాజీ కుదర్చడంలోనే ఉందని నా అభిప్రాయం.

ఇది నాకు తెలిసొచ్చింది టోక్యో నిషి కసాయిలో ఉండే మా అక్క కూతురి ఇంట్లో. ఆ పేటలో మనవాళ్ళ కుటుంబాలు చాలానే ఉన్నాయి. దాని కూతుర్ని జపాన్ కిండర్‌గార్టెన్‌లోనే వేస్తున్నారు, కాగితం వచ్చింది. పక్క ఇంటావిడ తన కొడుక్కి కుట్టిన పాత సంచిని నమూనాగా చూసుకోమని ఇచ్చి వెళ్ళింది. "పిన్నీ, నీకు మిషను వచ్చుగా, ఇది ఎలా కుట్టారో చూసి చెప్పు" అని అది నా ఒళ్ళో పడేసింది. చూసి చెప్పడానికి ఓ పూట చాలనుకున్నాను. చాల్లేదు.

పైకి చూస్తే సాదా సంచే. పైభాగం ముదురు నీలం మీద చిన్న చిన్న బస్సులు, లారీలు, మంటలార్పే బళ్ళు అచ్చేసిన గుడ్డ. కింది భాగం జీన్సు గుడ్డ. రెండు చేతి పట్టీలు. లోపల లేత పసుపు లైనింగు. ఒక మూల నత్త బొమ్మ. జిప్పు లేదు, గుండీ లేదు. మన వీధి చివర దర్జీకి ఇస్తే మాట్లాడుతూ మాట్లాడుతూ కుట్టి ఇచ్చేస్తాడనిపిస్తుంది.

ముందు గుడ్డ సంగతి. పైభాగానిది వాళ్ళు క్విల్టింగ్ అని మీటర్ల లెక్కన అమ్మే గుడ్డ (నిజానికి 10 సెంటీమీటర్ల లెక్కన, అక్కడి కొట్లలో అంత తక్కువ కూడా కోసిస్తారు). రెండు నూలు గుడ్డల మధ్య పలచని పాలిస్టర్ దూది పరిచి, ఏటవాలు గీతలుగా అటూ ఇటూ కుట్టేసి, డైమండు గళ్ళు తేలేలా మిల్లులోనే తయారుచేస్తారు. మన బొంత కుట్టే పద్ధతే, సూది బదులు యంత్రం. పిల్లల సంచులకి దీన్నే ఎందుకు ఎంచుకుంటారో సంచిని గోడకేసి కొట్టి చూస్తే అర్థమవుతుంది. పుస్తకం మూల నలగదు. పిల్ల సంచిని గిరగిరా తిప్పుతుంది, మెట్ల మీద ఈడుస్తుంది, దాని మీద కూర్చుంటుంది. అట్ట పుస్తకం మూలలు విరిగేది ఇలాంటప్పుడే. మెత్తని గుడ్డ పుస్తకాన్ని కాపాడుతుంది. పైగా తనంతట తాను కాస్త బిగువుగా నిలబడుతుంది. మూతి తెరిచి పట్టుకుంటే అలాగే ఉంటుంది, చిన్న చేతులకి పని తేలిక.

ఇంత మంచి గుడ్డకీ రెండు తిరకాసులున్నాయి. ఒకటి, మందం. రెండోది ఈ అచ్చుకే సంబంధించింది: బస్సులకి తలా కాళ్ళూ ఉంటాయి. సంచిని ఒకే పొడవు ముక్కగా కత్తిరించి అడుగున మడిచి రెండు పక్కలా కుట్టేస్తే అడుగుకి కుట్టే ఉండదు, గట్టిగా ఉంటుంది. కానీ ముందువైపు బస్సులు నిటారుగా నడిస్తే వెనకవైపు బస్సులన్నీ తలకిందులవుతాయి. పోనీ ముందుకీ వెనక్కీ వేరువేరు ముక్కలు కోసి అడుగున కలిపి కుడదామా అంటే, బరువంతా పడే చోట కుట్టు వస్తుంది. నేల రాసుకునేదీ అక్కడే.

ఈవిడ చేసింది చూడండి. బస్సుల గుడ్డని 42 బై 24 చొప్పున రెండు ముక్కలు కోసింది. రెంటిలోనూ బళ్ళు నిటారుగానే ఉన్నాయి. జీన్సు గుడ్డ మాత్రం 42 బై 18, ఒకటే ముక్క. ఆ ముక్కని మధ్యలో ఉంచి, దాని రెండంచులకీ బస్సుల ముక్కలు కలిపింది. కుట్లకి ఒక్కో సెంటీమీటరు పోగా జీన్సు 16 మిగిలింది. అది అడుగున మడత పడి ముందు 8, వెనక 8 కనిపిస్తుంది. పైన 22, కింద 8, మొత్తం 30. అడుగున కుట్టు లేదు, మడతే ఉంది. కుట్టు నేలకి 8 సెంటీమీటర్ల పైకి జరిగింది. బస్సులు రెండువైపులా నిటారుగానే పోతున్నాయి. నేల రాపిడికి తట్టుకునే గుడ్డ నేల దగ్గరే ఉంది. చూసేవాళ్ళు జీన్సు పట్టీని సోకు కోసం వేసిందనుకుంటారు. నేనూ మొదట అలాగే చూశాను, టేపు పెట్టి కొలిచాక గానీ లెక్క తేలలేదు. ఒక్క ముక్కతో మూడు చిక్కులు విడిపోయాయి. ఈ పద్ధతి ఆవిడ కనిపెట్టింది కాదు, ఇంటి కుట్టు పుస్తకాల్లో ఉన్నదే. కానీ ఎంత వెడల్పు పట్టీ వెయ్యాలన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి. 5 సెంటీమీటర్లే వేస్తే ఈడ్చినప్పుడు సంచి వాలి, పై గుడ్డ నేలకి తగులుతుంది. 12 వేస్తే బస్సులకి చోటుండదు, పిల్లవాడు ఒప్పుకోడు.

గుడ్డలన్నిటినీ కోసేముందే తడిపి ఆరేసిందట. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. పైది ఒకంత, లోపలిది ఒకంత కుంచించుకుపోతే సంచి మూతి వంకర్లు తిరుగుతుంది. జీన్సుకి రంగు దిగే జబ్బు కూడా ఉంది. అది లేత పసుపు లైనింగుకి అంటకుండా ముందే వదలగొట్టాలి. బ్లౌజు లైనింగు తడపకుండా కుట్టిన దర్జీని తిట్టుకోని ఇల్లు మనకీ ఉండదు, కాబట్టి దీన్ని నేను పొడిగించను.

మందం సంగతికొద్దాం. పనివాడితనం తేలేది ఇక్కడే. పక్క కుట్టు వేసేటప్పుడు బస్సుల గుడ్డా జీన్సూ కలిసే చోటుకి వచ్చేసరికి మిషను ముందు ఒక గుట్ట లేస్తుంది. ముందువైపు మూడు పొరలు, వెనకవైపు మూడు పొరలు, మొత్తం ఆరు. అందులో రెండు దూది నింపినవి. ఇంట్లో వాడే మిషను ఆ గుట్ట ఎక్కలేక ఆగిపోతుంది. కింద గుడ్డని లాగే పళ్ళకి పట్టు చిక్కదు, సూది అక్కడక్కడే గుచ్చుతుంది, కుట్లు ఒకదాని మీద ఒకటి పడి ముద్ద కడతాయి. లేదా సూది పుటుక్కున విరుగుతుంది. నూటికి తొంభై సంచుల్లో ఆ చోటు వేలితో తడిమితే చాలు, ముద్ద తెలిసిపోతుంది.

ఈ సంచిలో నాకు తెలియలేదు. రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. కుట్టుకి వదిలిన గుడ్డలో దూది లేదు. కుట్టు వేశాక, ఆ సెంటీమీటరు అంచులో క్విల్టింగు పొరల్ని విడదీసి, లోపలి దూదిని మాత్రం చిన్న కత్తెరతో కుట్టుదాకా కత్తిరించి తీసేసింది. మిగిలినది మామూలు గుడ్డే. దాన్ని జీన్సు వైపు వాల్చి, ఇస్త్రీ చేసి, జీన్సు మీద పై కుట్టు వేసి అణిచేసింది. అంతా చేశాక కూడా ఎత్తు కొంత మిగులుతుంది. దానికో కిటుకు ఉంది: గుట్ట దగ్గరకి రాగానే ఆగి, గుడ్డని అదిమిపట్టే పాదం వెనకభాగం కింద అదే మందానికి మడిచిన గుడ్డ ముక్క దూర్చాలి. పాదం ముందుకి లేవకుండా సమంగా ఉంటుంది, పళ్ళు మళ్ళీ లాగుతాయి. చేతి చక్రం తిప్పుతూ ఆ నాలుగు కుట్లూ దాటించాలి. సూది 14వ నంబరు. మామూలు గుడ్డకి 11 చాలు గానీ ఇక్కడ వంగిపోతుంది. కుట్టు పొడుగు 3 మిల్లీమీటర్లు. సన్న కుట్టు గట్టిదనుకుంటాం. మందపు గుడ్డలో సన్న కుట్టు వేస్తే గుడ్డకే చిల్లులు పడ్డట్టవుతుంది, ముడుచుకుంటుంది కూడా.

పక్క కుట్టు మొదట్లోనూ చివర్లోనూ వెనక్కీ ముందుకీ వేసిన కుట్టు ఉంది. జీన్సు పట్టీ కలిసే చోట రెండువైపులా గీత ఒకే ఎత్తులో వచ్చింది. వెంట్రుక వాసి తేడా లేదని అనను, ఎడమవైపు ఒక మిల్లీమీటరు దిగింది. మిల్లులో చేసినదయితే అది కూడా ఉండదు, కానీ మిల్లులో దూది తీసే ఓపిక ఎవరికుంటుంది?

లైనింగు చూస్తే నాకు అసలైన ముచ్చట కలిగింది. లోపల చెయ్యి పెట్టి తిప్పితే ఎక్కడా గుడ్డ వదులుగా పోగుపడదు, చేతికి అడ్డం రాదు. సాధారణంగా లోపలి సంచినీ బయటి సంచినీ ఒకే కొలతకి కుడతారు. అప్పుడు లోపలిది ఎక్కువైపోతుంది, ఎందుకంటే బయటి గుడ్డకి మందం ఉంది, లోపల మిగిలే చోటు ఆ మేరకి తగ్గుతుంది. పుస్తకం పెట్టినప్పుడు మూల ఆ వదులు గుడ్డలో చిక్కుకుంటుంది. ఈవిడ లైనింగుని 42 బై 62 ఒకే ముక్కగా కోసి, అడుగున మడిచి, పక్కల కుట్టు సెంటీమీటరు బదులు 13 మిల్లీమీటర్ల దగ్గర వేసింది. పక్కకి 3 మిల్లీమీటర్లు, అంతే తేడా. ఆ తేడాతో లోపలి గుడ్డ చర్మంలా అంటుకుని ఉంది.

లైనింగు లేత రంగుదే ఎందుకంటే, సంచి అడుగున పడిపోయిన చిన్న కాగితం, పుస్తకం అరువు చీటీ, క్రేయాను ముక్క నల్లటి గుడ్డలో కనిపించవు. పిల్లవాడు చెయ్యి పెట్టి తడుముకోడు, తొంగి చూస్తాడు. గుడ్డ నున్నటిది, పుస్తకం జారిపోవాలి గనక. లోపల జేబు లేదు. నేనైతే పెట్టేదాన్ని, ఆవిడ పెట్టకపోవడమే సరైందని తర్వాత ఒప్పుకున్నాను. జేబు ఉంటే పుస్తకం మూల వెళ్ళి దాని మూతిలోనే ఇరుక్కుంటుంది.

లోపలా బయటా కలిపి కుట్టడం ఒక గమ్మత్తు. రెండు సంచుల్నీ మంచివైపులు ఎదురెదురుగా ఉండేలా ఒకదాంట్లో ఒకటి దూర్చి, మూతి చుట్టూ కుట్టేస్తారు. ఇప్పుడంతా తలకిందులుగా, మూసుకుపోయి ఉంటుంది. లైనింగు పక్క కుట్టులో ముందే వదిలిపెట్టిన ఒక సందులోంచి మొత్తం సంచిని బయటికి లాగి తిరగేస్తారు. సందు 10 సెంటీమీటర్లకి తగ్గితే క్విల్టింగు బయటికి రావడానికి మొరాయిస్తుంది. తిరగేశాక ఆ సందు మూసెయ్యాలి. తొందరలో ఉన్నవాళ్ళు అంచులు రెండూ కలిపి మిషను మీద గీత కొట్టేస్తారు, లోపల ఒక గట్టులా తగులుతుంది. ఇందులో ఆ చోటు వెతకడానికే నాకు సమయం పట్టింది. చేత్తో, అటో ముక్క ఇటో ముక్క అందుకుంటూ, దారం మడతల లోపలే నడిచేలా కుట్టింది. కుట్టుకీ కుట్టుకీ మధ్య 3 మిల్లీమీటర్లు. పిల్లవాడు చూడడు, టీచరూ చూడదు. పుస్తకం అట్టకి మాత్రం తగలదు.

మూతి చుట్టూ పై కుట్టు అంచుకి దగ్గరగా, ఒకే గీతగా పోయింది. ఇది అలంకారం కాదు. ఇది లేకపోతే లైనింగు పైకి ఎగబాకి బయటికి కనిపిస్తూ ఉంటుంది, మూతి వదులవుతుంది. మొదలూ చివరా కలిసిన చోటు పక్క కుట్టు మీద పడేలా చూసుకుంది, అక్కడ ఎవరి దృష్టీ పోదు.

ఇక చేతి పట్టీలు. నవారులా నేసిన 25 మిల్లీమీటర్ల మెత్తని పట్టీ. దీన్ని మూతి కుట్టులో ఇరికించి వదిలెయ్యడం తేలిక దారి. అప్పుడు బరువంతా ఒక్క గీత కుట్టు మీద పడుతుంది, కొన్నాళ్ళకి ఆ చోట పై గుడ్డే చిరుగుతుంది. ఇక్కడ పట్టీ మూతి దగ్గర ఆగకుండా బస్సుల మీదుగా 4 సెంటీమీటర్లు కిందికి దిగింది. చివర మడిచి, నలుచదరంగా కుట్టి, ఆ చదరంలో మూలకీ మూలకీ అడ్డగీతలు వేసింది. కుట్టు ఒక్కసారి కూడా తెంపకుండా అన్ని గీతలూ వెయ్యొచ్చు, దారి తెలిస్తే. దారం తెగిన కొస ఒక్కటే కనబడింది, అది కూడా లోపలివైపు.

అసలు విషయం పట్టీ పొడుగు. మూడేళ్ళ పిల్ల చెయ్యి వేలాడేస్తే పిడికిలికీ నేలకీ మధ్య మూరెడు దూరం కూడా ఉండదు. సంచి ఎత్తే 30. పట్టీ మూతి మీద ఎంత ఎత్తు లేస్తే సంచి అంత కిందికి వేలాడుతుంది. పెద్దవాళ్ళ అంచనాతో పట్టీ కోస్తే సంచి నేల మీద ఈడుస్తూ పోవడం ఖాయం. ఆవిడ మొదట పట్టీని మూతి మీద 8 సెంటీమీటర్లే లేచేలా పెట్టింది. సంచితో కలిపి 38. పిల్లవాడి పిడికిలి దూరుతుంది, మణికట్టు దాటదు. వాళ్ళమ్మ భుజానికి తగిలించుకుందామన్నా తగలదు. మోసేది వాడేనని సంచే తేల్చేసింది.

కానీ పిల్లవాడు ఎదుగుతాడు. అందుకని పట్టీని పొడుగ్గానే కోసి, పిడికిలి పట్టే చోట రెండు మడతలు పక్కపక్కన వేసి కుట్టేసింది. ఒక్కో మడత 3 సెంటీమీటర్లు, మూడు పొరలు. ఒక మడతకి పట్టీలో 6 సెంటీమీటర్లు దాగుతాయి. విప్పితే సంచి 3 సెంటీమీటర్లు దిగుతుంది. మడతలున్నంతకాలం ఆ చోటు మందంగా, గుండ్రంగా ఉండి చేతికి ఒత్తుకోదు. జపాన్‌లో పిల్లల కిమోనోల భుజాల దగ్గరా నడుము దగ్గరా ఇలాగే గుడ్డని మడిచి కుట్టి, పిల్ల ఎదుగుతుంటే విప్పుతారు. పరికిణీకి కింద మడతలు వేసి కుట్టించే అలవాటు మనకీ ఉండేది. ఈ సంచి పట్టీల్లో ఇప్పుడు ఒక్కొక్క మడతే ఉంది. రెండో దాని గుర్తు, రంగు వెలవని ముదురు గీతలుగా మిగిలింది.

నత్త బొమ్మ గురించి మా అక్క కూతురు చెప్పింది. చదవడం రాని పిల్లలకి పేరు రాసి ఏం లాభం? అక్కడి చాలా కిండర్‌గార్టెన్లలో, శిశు సంరక్షణ కేంద్రాల్లో ఒక్కో పిల్లకి ఒక్కో బొమ్మ గుర్తుగా ఇస్తారు. జోళ్ళ అరకీ తువ్వాలు కొక్కేనికీ అదే గుర్తు. ఈ అబ్బాయికి నత్త వచ్చింది. గుడ్డలోంచి నత్తని కత్తిరించి అంచు చుట్టూ కాజా కుట్టుతో అతికింది. గుల్ల మీది చుట్టని ఒకే దారంతో, మధ్యలోంచి బయటికి తిప్పుకుంటూ వచ్చింది. అక్షరాల్లో పేరు మాత్రం సంచి లోపల, మూతికి దగ్గర్లో చిన్న పట్టీ మీద ఉంది. వీధిలో ఎవరో అపరిచితులు పిల్లని పేరుపెట్టి పిలవకూడదని చాలామంది తల్లులు పేరుని బయట వెయ్యరు. ఈ జాగ్రత్త మన స్కూలు బ్యాగులు తయారుచేసేవాళ్ళు కూడా గమనించవలసింది.

మూతికి ఏ బిగింపూ పెట్టకపోవడం గురించి మాత్రం నాకూ మా అక్క కూతురికీ వాదన జరిగింది. దానికి అయస్కాంతపు గుండీ పెట్టాలని ఉంది, వానొస్తే ఎలా అంటుంది. వెల్క్రో పెడితే పుస్తకం అట్ట గీసుకుపోతుంది. అయస్కాంతం ఫరవాలేదు, కానీ లైనింగులో రెండు చిల్లులు పొడవాలి, వెనక గట్టి గుడ్డ వెయ్యాలి. అంత చేసినా వాన ఆగదు. లేసులు, రిబ్బన్లు, ముత్యాలు కుట్టిన సంచులు కూడా అక్కడ కొట్లలో చూశాను. కళ్ళకి బాగున్నాయి. ఒక్క ఉతుకు చాలు వాటికి.

జనవరి నుంచి మార్చిదాకా టోక్యో గుడ్డల కొట్లన్నిటిలో ఈ సంచుల సందడే. నిప్పొరి స్టేషను దగ్గర కిలోమీటరు పొడవునా గుడ్డలు, గుండీలు, పట్టీలు అమ్మే వీధి ఒకటుంది, దాదాపు 90 దుకాణాలు. క్విల్టింగు చుట్టలు బయటే నిలబెట్టి ఉంటాయి: రైళ్ళు, డైనోసార్లు, స్ట్రాబెర్రీలు. సినిమా బొమ్మలు, కార్టూన్ బొమ్మలు అచ్చేసిన గుడ్డల అంచున, దీంతో కుట్టినవి అమ్మకూడదని ముద్ర కూడా ఉంటుంది. ఎందుకంటే కుట్టడం రాని తల్లుల కోసం కుట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు.

ఆ తల్లుల మాట చెప్పకుండా ఈ సంచిని మెచ్చుకోవడం న్యాయం కాదు. ఇంట్లో కుట్టినదే తేవాలని బడి అడిగితే, ఆ కుట్టేది దాదాపు ఎప్పుడూ తల్లే. ఉద్యోగం చేసే తల్లి, మిషను లేని తల్లి, సూదిలో దారం ఎక్కించడం చిరాకయిన తల్లి కూడా మార్చి నెలలో రాత్రిళ్ళు కూర్చుని కుట్టాలి. తల్లి ప్రేమని సెంటీమీటర్లలో కొలిచినట్టవుతుంది. దీని మీద అక్కడ గొణుగుడు చాలా ఉంది, కొని తెచ్చినా చాలు అని కాగితంలోనే రాసే బళ్ళు కూడా ఉన్నాయి. అది మంచిదే. బలవంతంగా కుట్టించిన సంచిలో దూది ఎవరు తీస్తారు? ఈ పక్కింటావిడకి కుట్టడమంటే ఇష్టం గనక మనకి ఇది చూసే భాగ్యం దొరికింది.

పుస్తకం మోసుకెళ్ళే అలవాటు వెనక మాత్రం ఆడవాళ్ళు ఇష్టపడి చేసిన పని చాలా ఉంది. మొమొకొ ఇషీ అనే రచయిత్రి, 'విన్నీ ది పూ'ని 1940లో జపాన్ భాషలోకి తెచ్చినావిడ, 1958లో టోక్యో ఒగికుబోలోని తన ఇంటి గదిలోనే చుట్టుపక్కల పిల్లల కోసం 'కత్సురా బుంకో' పేరుతో గ్రంథాలయం తెరిచింది. ఆ అనుభవాన్ని 1965లో పుస్తకంగా రాసింది. 60లు, 70లలో దేశమంతటా ఇలాంటి ఇంటి గ్రంథాలయాలు వెలిశాయి, ఎక్కువగా గృహిణులే నడిపారు. అలాంటి కొన్నిటి కలయికతోనే 1974లో టోక్యో బాలల గ్రంథాలయం ఏర్పడింది. మన పాఠకులకి 'రైలుబడి'గా తెలిసిన తొత్తొచాన్ కథలో రైలుపెట్టెనే గ్రంథాలయం చేస్తారు, గుర్తుందా? ఆ బడి యుద్ధంలో కాలిపోయింది. తర్వాత వచ్చిన ఈ ఇళ్ళ గ్రంథాలయాల్లో పిల్లలు పుస్తకాన్ని అక్కడే చదివి ఊరుకోలేదు, ఇంటికి పట్టుకెళ్ళారు.

మా అక్క కూతురు చివరికి మంగళగిరి నూలు గుడ్డతో కుడతానంది. నిజాం అంచు సంచి మూతి దగ్గర వచ్చేలా వెయ్యాలని దాని ఆలోచన. ఆలోచన బాగుంది కానీ ఆ గుడ్డ పలచన, బరువుకి సాగుతుంది. వెనక ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజింగు వేసి, దానికింద పలచటి దూది గుడ్డ పరిచి, పైనుంచి గళ్ళు కుట్టుకోమన్నాను. అంటే క్విల్టింగుని మనమే తయారుచేసుకోవడం. అంచుని మూతి దగ్గర పెట్టాలంటే రెండు ముక్కలూ అంచువైపు నుంచే కొయ్యాలి. అడుగున ఏదో ఒక ముతక గుడ్డ పట్టీ తప్పదు. లెక్క మళ్ళీ జీన్సు దగ్గరకే వచ్చింది.

పాత సంచిలో అరిగినవి ఏవో చూశాం. అడుగు మూలలు రెండూ తెల్లబడ్డాయి, చిరగలేదు. ఒక మూలకి లోపల్నుంచి జీన్సు ముక్క వేసి అడ్డదిడ్డంగా రఫ్ కుట్లు కొట్టి ఉంది. బస్సుల రంగు వెలిసింది. పట్టీ చదరాలు అన్నీ బిగువుగానే ఉన్నాయి. లైనింగులో ఒకచోట ఎర్ర క్రేయాను మరక.

అబ్బాయి ఇప్పుడు ప్రాథమిక పాఠశాలలో చదువుతున్నాడు. మూడేళ్ళ కిండర్‌గార్టెన్ అయ్యాక కూడా బడి గ్రంథాలయం పుస్తకాలకి ఇదే సంచి కొన్నాళ్ళు వాడాడు. ఆ పాఠశాలలో చేరేముందు వాళ్ళమ్మ పట్టీల్లో ఒక్కొక్క మడత విప్పిందట. రెండోది కూడా విప్పెయ్యబోయి, తల్లిదండ్రుల్ని తరగతి చూడ్డానికి పిలిచిన రోజున టేపు పట్టుకెళ్ళిందని ఆవిడే చెప్పింది. అక్కడి డెస్కులకి పక్కన కొక్కెం ఉంటుంది, సంచి దానికే తగిలించాలి, నేలకి తగలకూడదు. కొక్కెం నుంచి నేలకి 43 సెంటీమీటర్లు తేలింది. ఒక మడత విప్పిన సంచి 41. రెండూ విప్పితే 44. అందుకని రెండోది అలాగే ఉంచేసింది.